ఇంటి పీసీలోని గేమ్‌ని టీవీలో, ఫోన్‌లో ఆడే ముందు జాగ్రత్తలు

పీసీలో సన్‌షైన్ (గేమ్ బొమ్మని పంపే ప్రోగ్రాం), టీవీలోనో ఫోన్‌లోనో మూన్‌లైట్ (దాన్ని అందుకుని చూపించే యాప్) పెట్టుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• పీసీని రౌటర్‌కి కేబుల్‌తో కలపండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. పీసీ, ఫోన్ రెండూ ఒకే వైఫై మీద ఉంటే ప్రతి ఫ్రేమూ గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి. బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదలడం అక్కడే మొదలవుతుంది. ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మార్చండి.

• 1080పీ, సెకనుకి 60 ఫ్రేములకి బిట్‌రేట్‌ని (సెకనుకి పంపే డేటా) 20 ఎంబీపీఎస్‌తో మొదలుపెట్టండి. ఏ తడబాటూ లేకపోతేనే పెంచండి.

• పీసీ స్లీప్‌లోకి వెళ్లకుండా చూడండి.

• సన్‌షైన్‌కి గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. జత చేసిన పరికరానికి గేమ్ ఒక్కటే కాదు, డెస్క్‌టాప్ మొత్తం కనబడవచ్చు. మౌస్, కీబోర్డు కూడా దాని చేతికి వెళ్తాయి. అందుకే జత చేయడానికి మీది కాని ఫోన్ చూపించే పిన్‌ని మొహమాటానికి సన్‌షైన్‌లో కొట్టకండి. పాత ఫోన్ అమ్మేటప్పుడు దాన్ని సన్‌షైన్‌లోని జత చేసిన పరికరాల జాబితాలోంచి తీసేయండి.

• ఇంటికి దూరంగా వేరే ఊళ్లో ఉండి ఆడాలనుకుంటే రౌటర్‌లో పోర్టులు (బయటి ఇంటర్నెట్ నుంచి పీసీకి దారులు) తెరవకండి, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మీ పరికరాల మధ్య రహస్య దారి) వాడండి. మొబైల్ డేటా మీదైతే 20 ఎంబీపీఎస్ అంటే గంటకి దాదాపు 9 జీబీ. రోజుకి 2 జీబీ ప్యాక్ పావుగంటలో అయిపోతుంది.