ఇసుక బొమ్మలు - నాలుగో పాఠం: రాలిన తలలు

పోయిన పాఠంలో తాబేలు చేయమన్నాను. సంక్రాంతి సెలవులకు కళింగపట్నం వెళ్లినవాళ్లూ, వీధిలో ఇంటి పనికి పోసిన నాగావళి ఇసుక చుట్టూ ఇరుగుపొరుగు కలిసి కూర్చున్నవాళ్లూ ఫోటోలు పంపారు. చాలా తాబేళ్లకు తల లేదు. "ఏటి మాస్టారూ, డిప్ప బాగానే ఉంది, తలే రాలిపోనాది" అని ఒకాయన. ఇంకొకావిడ గడుసుది, తాబేలు తల లోపలికి లాక్కుందని రాసింది. శ్రీకూర్మం గుడిలోని నక్షత్ర తాబేలైతే ఒప్పుకునేవాణ్ణి. మనం చేసింది మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే. సముద్రపు తాబేలు తల లోపలికి లాక్కోలేదమ్మా.

తప్పు సగం నాదే. "తల చేయండి" అన్నాను, "చెక్కండి" అనలేదు. మీరేమో మట్టి వినాయకుడికి తొండం పెట్టినట్టు తడి ముద్ద తెచ్చి అతికించారు.

ఈ అతుకు సంగతి ఇవాళే తేలిపోవాలి. బంకమట్టి తనంతట తనే పట్టుకుంటుంది. ఇసుకకు ఆ గుణం లేదు, రేణువుల మధ్య ఉండే సన్నటి నీటి పొరే దాని పట్టు. తొక్కి దట్టించిన ఇసుకలో రేణువులు దగ్గరగా ఉంటాయి. చేత్తో ఒత్తిన ముద్దలో అన్నీ సందులే. ఎండ తగలగానే అది ముందు ఆరి, అతుకు దగ్గరే చీలుతుంది. పోనీ నీళ్లు ఎక్కువ పోద్దామా? సందులన్నీ నీళ్లతో నిండితే పట్టు పోయి జారుతుంది. అమెరికాలో వాళ్లబ్బాయి వీధివాళ్లు మంచు ఎలుగుబంటికి చెవులు అతికించారని ఒకావిడ వాదన. అక్కడి చలికి తడి మంచు అతుకు దగ్గర మళ్లీ గడ్డకడుతుంది. మన ఇసుకకు ఆ యోగం లేదు. ఫెవికాల్ కలిపిన నీళ్లంటారా, చెక్కడం అయ్యాక పైన చల్లుకునేవి. నేనైతే అదీ వాడను.

కాబట్టి తలకు కావలసిన ఇసుక మొదటి కుప్పలోనే ఉండాలి. నాలుగు వేళ్ల మందాన పోయడం, తడపడం, తొక్కడం. నది ఇసుకైతే జల్లించుకోండి. పైనుంచి కిందికి చెక్కండి. గడ్డం కింద ఇసుక మాత్రం తీయొద్దు. మెడకు రెండు పక్కలా లోతుగా గీస్తే ఆ నీడకే తల లేచినట్టు కనిపిస్తుంది. డిప్ప మీద పలకలు అటు ఆరు, ఇటు ఏడు వచ్చినా కంగారు పడకండి, రిడ్లేకు అలా ఉండటం మామూలే.

బీచ్‌లో తవ్విన గొయ్యి పూడ్చి రండి. రాత్రికి నిజం తాబేళ్లు ఒడ్డుకొస్తాయి.

అన్నట్టు, సాధన. డిప్ప వద్దు, ఒకే కుప్పలో ఏడు తలలు చెక్కండి. పొద్దున చెక్కినవి మధ్యాహ్నం దాకా నిలవాలి. ఏడెందుకంటే, వచ్చే పాఠం అరసవల్లి సూర్యుడి రథం, దానికి గుర్రాలు ఏడు.