గుండెజబ్బు ఆనవాళ్ల కోసం ప్లాస్మాలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలవడం ఎలా?

గుండె కండరం దెబ్బతింటే అందులోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు రక్తంలోకి వచ్చేస్తాయి. జన్యువుల పనిని అదుపుచేసే, సుమారు 22 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల) పొడవుండే ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ప్రోటీన్లకు అంటుకునో, చిన్న కొవ్వుపొర సంచుల్లో దాక్కునో తిరుగుతాయి కాబట్టి ప్లాస్మాలోని ఎంజైములకు తేలిగ్గా చిక్కవు. అందుకే వాటిని కొలవగలుగుతున్నాం. అయితే ఎమర్జెన్సీలో గుండెపోటును తేల్చేది ఇప్పటికీ ఈసీజీ, హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ (దెబ్బతిన్న గుండె కండరం వదిలే ప్రోటీన్) పరీక్షలే. ఈ పద్ధతి పరిశోధనకు మాత్రమే. రోగి చేతికి రిపోర్టు ఇవ్వడానికి కాదు.

ముందు ఏవి కొలవాలో తేల్చుకోండి (పేర్లలో ‘మిర్’ అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏ). మిర్-208ఏ దాదాపు గుండెకే పరిమితం, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ప్లాస్మాలో సాధారణంగా కనిపించదు. మిర్-208బి, మిర్-499 కూడా గుండెపోటు తర్వాత పెరుగుతాయి. మిర్-1, మిర్-133ఏలతో ఒక చిక్కుంది. అవి కాళ్లూ చేతుల కండరాల్లోనూ పుష్కలంగా ఉంటాయి. ముందురోజు జిమ్‌లో ఒళ్లు హూనం చేసుకున్న కుర్రాణ్ణి ఆరోగ్యవంతుల జాబితాలో వేస్తే లెక్క అక్కడే తప్పుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ మీద పనిచేసేవాళ్లు మిర్-423-5పిని కూడా చేర్చుకుంటారు.

రక్తం ఎప్పుడు తీశామన్నదీ ముఖ్యమే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న బృందం 2009లో ప్రకటించిన, గుండె కండరాన్ని దెబ్బతీసే ఎంవైబీపీసీ3 జన్యులోపం డీఎన్‌ఏ వ్యవహారం. ఎప్పుడు రక్తం తీసినా జవాబు మారదు. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు, గంటగంటకూ మారుతుంది. కాబట్టి రోగి వివరాల షీటులో నొప్పి మొదలైన టైమూ, రక్తం తీసిన టైమూ రెండూ రాయాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సంతకం లేకుండా సూది ముట్టుకోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు పని. ఫలితం బాగుపడినా చెడినా, జన్యు ముక్కలను రెట్టింపు చేస్తూ కొలిచే పీసీఆర్ మెషీన్ దాకా వెళ్లక ముందే జరుగుతుంది.

ఊదా మూత ఈడీటీఏ ట్యూబు వాడండి. ఆకుపచ్చ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉంటుంది. అది ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏ నకలుగా మార్చే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌నూ, పీసీఆర్ ఎంజైమునూ రెండింటినీ అడ్డుకుంటుంది. ట్యూబు సరైనదైనా క్యాథ్‌ల్యాబ్‌లో ఇంకో గండం ఉంది. యాంజియోప్లాస్టీకి ముందు రోగికే హెపారిన్ ఇస్తారు, రక్తనాళంలో పెట్టే షీత్ గొట్టాన్ని కూడా దానితోనే ఫ్లష్ చేస్తారు. వీలైతే అంతకు ముందే, చేతి సిర నుంచి రక్తం తీయించండి. కుదరకపోతే షీటులో గుర్తుపెట్టి, ఆర్‌ఎన్‌ఏ తీశాక, హెపారిన్‌ను విరగ్గొట్టే హెపారినేజ్ ఎంజైముతో శుద్ధి చేయండి. కానీ అప్పుడు ఆ ఒక్కదానికే కాదు, స్టడీలోని శాంపిళ్లన్నిటికీ చేయాలి.

21 గేజ్ సూది చాలు. చేతికి కట్టే పట్టీ (టూర్నికే) నిమిషం దాటనివ్వద్దు. సిరంజితో తీస్తే సూది విప్పేసి రక్తాన్ని ట్యూబు గోడ వెంట మెల్లగా వదలండి. ఎనిమిది, పది సార్లు తలకిందులు చేయండి, గిలకొట్టొద్దు. రక్తాన్ని ఐసులో కూడా పెట్టొద్దు, చలికి ప్లేట్‌లెట్లు రేగి తమ ఆర్‌ఎన్‌ఏను వదిలేస్తాయి. ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో హైదరాబాద్‌లో ఏసీ లేని గదిని ఆ లెక్కలో వేయకండి.

రెండు గంటల్లోపు ప్లాస్మా వేరుపడాలి. పంజాగుట్ట ఆసుపత్రిలో తీసిన రక్తాన్ని సాయంత్రం ట్రాఫిక్‌లో ఉప్పల్ ల్యాబ్ దాకా మోసుకెళ్లి అక్కడ తిప్పుదామనుకోవడం అత్యాశ. ఆసుపత్రిలోనే సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాను ఫ్రీజ్ చేసి, డ్రై ఐస్‌లో తరలించండి.

మొదటి స్పిన్ 1,500 జీ (భూమి ఆకర్షణకు అన్ని రెట్ల బలం), 10 నిమిషాలు, బ్రేక్ తక్కువలో. చాలా మెషీన్లు ఆర్‌పీఎం మాత్రమే చూపిస్తాయి. 3,000 ఆర్‌పీఎం అంటే 16 సెంటీమీటర్ల రోటర్‌లో సుమారు 1,600 జీ, 10 సెంటీమీటర్ల రోటర్‌లో సుమారు 1,000 మాత్రమే. రోటర్ వ్యాసార్థాన్ని సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని ఆర్‌పీఎం వర్గంతోనూ, 0.00001118తోనూ గుణిస్తే జీ వస్తుంది. పై ప్లాస్మాను తీసేటప్పుడు తెల్లపొర మీద అర సెంటీమీటరు వదిలేయండి. ఆశపడి చివరి చుక్క దాకా లాగితే తెల్లకణాలు వచ్చేస్తాయి. కొత్త ట్యూబులో 10,000 జీ వద్ద మరో 10 నిమిషాలు తిప్పితే ప్లేట్‌లెట్లు చాలావరకు అడుక్కి చేరతాయి. 250 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80లో పెట్టండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించే అలవాటు వద్దు.

ఎర్రకణాలు పగిలి వాటి ఆర్‌ఎన్‌ఏ ప్లాస్మాలో కలిసిందేమో ఇప్పుడే చూడాలి. కంటికి గులాబీ రంగు కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. 414 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ (కాంతిని పీల్చుకునే కొలత) 0.2 దాటితే అనుమానించండి. పీసీఆర్‌లో ఇంకో తనిఖీ ఉంది. మిర్-451ఏ ఎర్రకణాల్లో దండిగా ఉంటుంది, మిర్-23ఏ కణాలు పగిలినా పెద్దగా మారదు. సీటీ అంటే పీసీఆర్‌లో సిగ్నల్ కనిపించడానికి పట్టిన సైకిళ్ల సంఖ్య, అది ఎంత తక్కువైతే ఆర్‌ఎన్‌ఏ అంత ఎక్కువ. మిర్-23ఏ సీటీ 27, మిర్-451ఏ సీటీ 19 వచ్చాయనుకోండి, తేడా 8. ఏడు దాటింది కాబట్టి ఆ శాంపిల్‌ను పక్కన పెట్టేయండి.

ఆర్‌ఎన్‌ఏ తీయడం కిట్ చెప్పినట్టే. సీరం, ప్లాస్మాకు వచ్చే కాలమ్ కిట్‌లో 200 మైక్రోలీటర్ల ప్లాస్మాకు 1 మిల్లీలీటరు ఫీనాల్ ద్రావణం కలిపి ఐదు నిమిషాలు ఉంచుతారు. ఆ తర్వాతే సెల్-మిర్-39 స్పైక్ (మనమే కలిపే, మోతాదు తెలిసిన ఆర్‌ఎన్‌ఏ) వేయాలి. ఇది సి. ఎలిగాన్స్ పురుగు మైక్రో ఆర్‌ఎన్‌ఏ, మనుషుల్లో ఉండదు. నేరుగా ప్లాస్మాలో వేస్తే అక్కడి ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైములు క్షణాల్లో తినేస్తాయి. తర్వాత 200 మైక్రోలీటర్ల క్లోరోఫాం, 15 సెకన్లు బలంగా కలపడం, 4 డిగ్రీల్లో 12,000 జీ వద్ద 15 నిమిషాలు. పై పొరకు ఒకటిన్నర రెట్లు ఇథనాల్ కలిపి కాలమ్‌లోకి. కడిగాక, మూత తీసి ఐదు నిమిషాలు పూర్తి వేగంతో ఆరబెట్టి, 14 మైక్రోలీటర్ల నీటితో దించండి. ఇథనాల్ మిగిలితే పీసీఆర్ దెబ్బతింటుంది.

కాంతితో ఆర్‌ఎన్‌ఏ మోతాదు చెప్పే నానోడ్రాప్ మెషీన్ చూపించే అంకెను నమ్మొద్దు. ప్లాస్మాలో ఉండే ఆర్‌ఎన్‌ఏ దాని అంచనాకు అందనంత తక్కువ. అందుకే నానోగ్రాములు కాకుండా అన్ని శాంపిళ్ల నుంచీ ఒకే పరిమాణం, సమాన మైక్రోలీటర్లు వాడతాం.

ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏ నకలు (సీడీఎన్‌ఏ)గా మార్చాక, పీసీఆర్‌లో ప్రతి శాంపిల్ ప్లేట్‌లోని మూడు బావుల్లో. వాటి మధ్య సీటీ విచలనం 0.5 దాటితే మళ్లీ చేయండి. 35 దాటిన సీటీ మీద ఏ తీర్మానమూ నిలబడదు. రోగులందరినీ ఒక ప్లేట్‌లో, ఆరోగ్యవంతులను ఇంకో ప్లేట్‌లో పెడితే ప్లేట్ల తేడాయే జబ్బులా కనిపిస్తుంది, కలిపి పెట్టండి. నిరోధకం ఉందేమో తెలియాలంటే సీడీఎన్‌ఏను పదింతలు పలచన చేసి చూడండి. సీటీ సుమారు 3.3 పెరగాలి. పెరగకపోతే, లేదా తగ్గితే, హెపారిన్ లాంటిది ఏదో మిగిలిందన్నమాట.

శాంపిళ్లను పోల్చడానికి నిలకడగా ఉండే ఒక రిఫరెన్సు కావాలి. కణాల్లో రిఫరెన్సుగా వాడే యూ6 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ప్లాస్మాలో నిలకడగా ఉండదు. మిర్-16 ఎర్రకణాల నుంచి వస్తుంది కాబట్టి అదీ నమ్మదగింది కాదు. సెల్-మిర్-39 ఆర్‌ఎన్‌ఏ తీయడంలో తేడాలను సరిచేస్తుంది గానీ రక్తం తీసినప్పటి తప్పులను కాదు. దానికి తోడు మీ శాంపిళ్లలోనే నిలకడగా ఉన్న రెండు మూడు మైక్రో ఆర్‌ఎన్‌ఏలను నార్మ్‌ఫైండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎంచుకోండి. అదే రక్తంలో ట్రోపోనిన్ కూడా కొలిపించి, దానికి మైక్రో ఆర్‌ఎన్‌ఏ జతచేస్తే ఆర్‌ఓసీ వైశాల్యం (రోగులనూ ఆరోగ్యవంతులనూ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె) పెరిగిందా లేదా చూడండి. పెరగకపోతే అదే రాయండి.

బల్ల పక్కన హైపోక్లోరైట్ (బ్లీచ్) బకెట్ లేని ల్యాబ్ మన దగ్గర ఉండదు. ఫీనాల్ ద్రావణంలో గ్వానిడిన్ ఉంటుంది. అది హైపోక్లోరైట్‌తో కలిస్తే విషవాయువులు వస్తాయి. ఆ ట్యూబులనూ, కాలమ్ కిందికి దిగిన ద్రవాన్నీ ఆ బకెట్లో వేయకుండా వేరే సీసాలో పట్టి, లేబుల్ అంటించి, కెమికల్ వేస్ట్‌కు పంపండి.