చర్మ ఫైబ్రోబ్లాస్టుల్లో టీపీపీ1, పీపీటీ1 ఎంజైముల పనితనం కొలిచే పద్ధతి

వంశపారంపర్యంగా వచ్చి పసిపిల్లల మెదడును క్రమంగా దెబ్బతీసే జబ్బుల్లో బాటెన్ వ్యాధుల గుంపు ముఖ్యమైనది. దీనికి కారణమయ్యే జన్యువులు పదికి పైగా ఉన్నాయి. వాటిలో ముఖ్యంగా రెండు, సీఎల్‌ఎన్1, సీఎల్‌ఎన్2, నేరుగా ఎంజైమ్ పరీక్షకు దొరుకుతాయి. సీఎల్‌ఎన్1 దెబ్బతింటే పీపీటీ1 (పామిటోయిల్ ప్రోటీన్ థయోఎస్టరేజ్ 1) ఎంజైమ్ పనిచేయదు, సీఎల్‌ఎన్2 దెబ్బతింటే టీపీపీ1 (ట్రైపెప్టైడిల్ పెప్టిడేజ్ 1) పనిచేయదు. రెండూ లైసోజోముల్లో, అంటే కణం తన వ్యర్థాలను అరిగించుకునే సంచుల్లో, ఆమ్ల వాతావరణంలో పనిచేసేవే. సీఎల్‌ఎన్2 ఉన్న పిల్లలకు సాధారణంగా 2 నుంచి 4 ఏళ్ల మధ్య మూర్ఛలు మొదలవుతాయి. చాలామందిలో అంతకుముందే మాటలు ఆలస్యమవుతాయి. ఈ జబ్బుకు సెర్లిపోనేస్ ఆల్ఫా అనే ఎంజైమ్ మందు 2017 నుంచి వాడుకలో ఉంది. కాబట్టి ఎంజైమ్‌ను సరిగ్గా కొలవడం ఇప్పుడు చికిత్సతో ముడిపడిన పని.

కొలవడం పెద్ద కష్టం కాదు. తక్కువ అంకె వచ్చాక అది బిడ్డ జన్యువు వల్ల వచ్చిందా, మన ట్యూబులో ఎంజైమ్ చచ్చిపోవడం వల్ల వచ్చిందా అని తేల్చుకోవడమే కష్టం. కింది దశల్లో సగానికి సగం ఆ తేడా పట్టుకోవడానికే ఉన్నాయి.

ఒక హద్దు ముందే గుర్తుంచుకోండి. సీఎల్‌ఎన్3, సీఎల్‌ఎన్6, సీఎల్‌ఎన్7, సీఎల్‌ఎన్8 జన్యువులు తయారుచేసేవి పొరల్లో కూర్చునే ప్రోటీన్లు. వాటికి ఇలాంటి పరీక్ష లేదు. ఈ రెండు ఎంజైములూ మామూలుగా ఉన్నాయంటే ఆ రెండు రకాలు కావనే అర్థం, బాటెన్ వ్యాధే కాదని కాదు.

కణాలు

అనుమతి పత్రాలు, కోడ్ నంబర్లు పూర్తయ్యాకే నమూనా ల్యాబ్‌లోకి రావాలి. ట్యూబు మీద పిల్లల పేర్లు ఉండకూడదు. పని అంతా క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్‌లో చేయాలి.

3 లేదా 4 మిల్లీమీటర్ల పంచ్ బయాప్సీని (గుండ్రటి బ్లేడుతో తీసిన చర్మపు ముక్కను) స్కాల్పెల్‌తో చిన్న ముక్కలుగా కోసి, ప్లేటు అడుగున అంటించి, కదలకుండా వదిలేయండి. ముక్కలు తేలిపోతే కణాలు బయటికి పాకవు, అందుకే మొదట్లో మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) పలుచగా, ముక్క తడిసేంత మాత్రమే పోయాలి. ఫైబ్రోబ్లాస్టులు, అంటే చర్మపు కణజాలాన్ని అల్లే కణాలు, కనబడడానికి వారం, పది రోజులు పడుతుంది. డీఎంఈఎం మీడియంలో 10 నుంచి 20 శాతం ఫీటల్ బొవైన్ సీరం సరిపోతుంది.

నలుగురు పిల్లల కణాలను పోల్చాలంటే పాసేజ్ నంబర్లు (కణాలను ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్కులోకి మార్చామన్న లెక్క) దగ్గరగా ఉండాలి, 10 దాటకపోతే మేలు. ఫ్లాస్కు నిండాక ఎన్ని రోజులకు కణాలు తీస్తున్నామన్నది కూడా అందరికీ ఒకటే కావాలి. కణాలు పెరుగుతున్నప్పటికన్నా నిండి ఆగినప్పుడు లైసోజోమ్ ఎంజైములు ఎక్కువగా ఉంటాయి. ఒక ఫ్లాస్కును 70 శాతం నిండినప్పుడు, ఇంకోదాన్ని నిండిన వారానికి తీస్తే, జబ్బే లేని చోట తేడా కనిపిస్తుంది. నిండిన 5వ రోజు అని ఒక లెక్క పెట్టుకుని దానికే కట్టుబడండి. మైకోప్లాస్మా (కంటికి కనబడకుండా కల్చర్‌లో చేరే బ్యాక్టీరియా) పరీక్ష చేయని కల్చర్‌ను వాడవద్దు.

లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) తయారీ

1. మీడియం తీసేసి, చల్లటి పీబీఎస్‌తో (కణాలకు సరిపడే ఉప్పు బఫర్) మూడుసార్లు కడగండి. సీరంలోనే లైసోజోమ్ ఎంజైములు కొంత ఉంటాయి. ఒక్కసారి కడిగి సరిపెట్టుకుంటే అవి మీ అంకెలో కలుస్తాయి.
2. ట్రిప్సిన్‌తో కణాలను విడదీస్తే, సీరం కలిపిన మీడియంతో ట్రిప్సిన్‌ను ఆపి, మళ్లీ రెండుసార్లు పీబీఎస్‌తో కడిగి పెల్లెట్ చేయండి. ట్రిప్సిన్ మిగిలితే నమూనాలోని ప్రోటీన్లను కొరుకుతుంది. రబ్బర్ పోలీస్‌మన్‌తో గీకి తీస్తే ఈ చిక్కు ఉండదు.
3. టీ75 ఫ్లాస్కు నిండుగా ఉంటే దాదాపు అర మిల్లీగ్రాము ప్రోటీన్ వస్తుంది. దానికి 250 మైక్రోలీటర్ల చల్లటి లైసిస్ ద్రావణం చాలు: 0.9 శాతం ఉప్పు నీళ్లలో 0.1 శాతం ట్రైటన్ ఎక్స్-100 (సబ్బులాంటి డిటర్జెంట్).
4. మంచులో ఉంచి, 5 సెకన్ల చొప్పున మూడుసార్లు సోనికేట్ చేయండి (శబ్ద తరంగాలతో పగలగొట్టండి). మధ్యలో కనీసం 10 సెకన్లు ఆగాలి. ట్యూబు వేడెక్కినా, నురగ వచ్చినా ఎంజైమ్ పాడవుతుంది.
5. 4 డిగ్రీల దగ్గర 10,000 జీతో 10 నిమిషాలు తిప్పి, పైనున్న స్పష్టమైన ద్రవం తీసుకోండి.
6. ప్రోటీన్‌ను బీసీఏ పద్ధతిలో కొలవండి. ట్రైటన్‌ను బీసీఏ తట్టుకుంటుంది, ప్రోటీన్ కొలిచే ఇంకో పద్ధతి అయిన బ్రాడ్‌ఫోర్డ్‌కు ట్రైటన్ అడ్డు. లైసిస్ ద్రావణంలో డీటీటీ (గంధకపు బంధాలను తెంచే రసాయనం) మాత్రం వేయకండి, అది బీసీఏను తప్పుదోవ పట్టిస్తుంది. డీటీటీ వేయాల్సింది పీపీటీ1 మిశ్రమంలోనే.

ప్రతి లైసేట్‌ను మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాముకు సరిచేసుకుని చిన్న వాటాలుగా పంచి, మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఒక్కో వాటాను ఒక్కసారే కరిగించాలి. పనితనం ఉన్న టీపీపీ1 తటస్థ పీహెచ్ దగ్గర, అందులోనూ 37 డిగ్రీల్లో, నిలబడదు. అందుకే కరిగిన లైసేట్ బల్ల మీద కాకుండా మంచులో ఉండాలి.

టీపీపీ1

సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ కోసే పదార్థం) పేరు అలనిన్-అలనిన్-ఫినైల్‌అలనిన్-ఏఎంసీ. టీపీపీ1 ఈ మూడు అమైనో ఆమ్లాల ముక్కను కోసివేస్తే ఏఎంసీ విడిపోయి వెలుగుతుంది. 25 మిల్లీమోలార్ స్టాక్ కోసం 11.6 మిల్లీగ్రాములను 1 మిల్లీలీటరు డీఎంఎస్‌ఓలో కరిగించి, వాటాలుగా గడ్డకట్టించండి. వాడేరోజు బఫర్‌లో నూరు రెట్లు పలుచన చేస్తే 250 మైక్రోమోలార్ వస్తుంది. బఫర్: 0.1 మోలార్ సోడియం అసిటేట్, పీహెచ్ 4.0, 0.15 మోలార్ ఉప్పు, 0.1 శాతం ట్రైటన్. పీహెచ్‌ను ఉప్పు, ట్రైటన్ కలిపాక చూడండి.

నల్ల 96 వెల్ ప్లేటులో ప్రతి నమూనాకు మూడు వెల్స్ పెట్టుకోండి. ఒక్కో వెల్‌కు 40 మైక్రోలీటర్ల సబ్‌స్ట్రేట్ బఫర్, 10 మైక్రోలీటర్ల లైసేట్, అంటే 10 మైక్రోగ్రాముల ప్రోటీన్. బ్లాంక్ వెల్స్‌లో సబ్‌స్ట్రేట్ బఫర్ మాత్రం వేసి, అన్నీ పూర్తయి ఆపే ద్రావణం పోశాకే లైసేట్ కలపండి. ఈ జబ్బు కణాల్లో సెరాయిడ్ పదార్థం (పేరుకుపోయిన కొవ్వు, ప్రోటీన్ల వ్యర్థం) తనంతట తానే వెలుగుతుంది కాబట్టి, ప్రతి లైసేట్‌కు దాని బ్లాంక్ దానికే ఉండాలి. ఒకే బ్లాంక్‌ను అందరికీ తీసివేస్తే రోగి అంకె అసలు కన్నా ఎక్కువగా కనబడుతుంది.

ప్లేటుకు ఆవిరి పోకుండా సీల్ వేసి, 37 డిగ్రీల్లో గంట ఉంచి, 100 మైక్రోలీటర్ల ఆపే ద్రావణం కలపండి: 0.1 మోలార్ మోనోక్లోరోఅసిటిక్ ఆమ్లం, 0.13 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 0.1 మోలార్ అసిటిక్ ఆమ్లం, పీహెచ్ 4.3. 360 నానోమీటర్ల దగ్గర ఉత్తేజపరచి 460 దగ్గర చదవండి. అంచు వెల్స్ త్వరగా ఆరిపోతాయి, వాటిలో నమూనాలు కాకుండా నీళ్లు పోయండి.

రీడర్‌లో నేరుగా నిమిషనిమిషానికీ చదివితే ఇంకో విషయం బయటపడుతుంది. టీపీపీ1 కణంలో మొదట పనిచేయని ముందురూపంగా పుట్టి, ఆమ్లంలో తనను తానే కోసుకుని పనిలోకి దిగుతుంది. అసే (పరీక్ష) బఫర్ కూడా ఆమ్లమే కాబట్టి, ముందురూపం ప్లేటులోనే మేల్కొంటుంది. మొదటి నిమిషాల్లో గీత చదునుగా ఉండి తర్వాత పైకి లేస్తే, లైసేట్‌లో ముందురూపం ఎక్కువగా ఉండొచ్చు. ఇలాంటప్పుడు తిన్నని గీతగా సాగిన భాగం నుంచే వేగం తీయండి. ఆ ముందురూపం కణంలో లైసోజోమ్‌కు చేరిందా లేదా అన్నది ఈ అంకె చెప్పదు.

పీపీటీ1

ఇది రెండు మెట్ల పరీక్ష. సబ్‌స్ట్రేట్‌లో మిథైల్‌అంబెల్లిఫెరోన్‌కు (విడిపోతే వెలిగే అణువు) గ్లూకోజు, ఆ గ్లూకోజు ఆరో స్థానంలోని గంధకానికి పామిటేట్ అతుక్కుని ఉంటాయి. పీపీటీ1 పామిటేట్‌ను మాత్రమే విడగొడుతుంది. గ్లూకోజు ఇంకా ఉన్నంతవరకూ అది వెలగదు. మిగిలిన పని చేయడానికి బయటినుంచి బాదం బీటా-గ్లూకోసిడేజ్ కలపాలి. గ్లూకోసిడేజ్ తగ్గిపోతే ఆరోగ్యవంతుల కణాల్లో కూడా అంకె పడిపోతుంది. కంట్రోల్ కూడా చదునుగా ఉన్న రోజున రోగి గురించి ఏమీ అనకూడదు, గ్లూకోసిడేజ్‌ను, డీటీటీని కొత్తగా కలిపి మళ్లీ చేయాలి.

సబ్‌స్ట్రేట్ మిశ్రమంలో 0.64 మిల్లీమోలార్ సబ్‌స్ట్రేట్, 15 మిల్లీమోలార్ డీటీటీ, 0.375 శాతం ట్రైటన్, గ్లూకోసిడేజ్, పీహెచ్ 4.0 ఫాస్ఫేట్-సిట్రేట్ బఫర్ ఉంటాయి. సబ్‌స్ట్రేట్‌ను ముందు ట్రైటన్‌తో కలిపి క్లోరోఫామ్, మిథనాల్ మిశ్రమంలో కరిగించి, ఫ్యూమ్ హుడ్‌లో నత్రజని కింద ఆరబెట్టి, ఆ తర్వాత నీళ్లలో వెచ్చబెట్టి సోనికేట్ చేస్తారు. ద్రావణం స్పష్టంగా మారేదాకా ఆపకండి. పాలలా మసకగా ఉంటే పిపెట్‌కు ప్రతిసారీ వేరే మోతాదు వస్తుంది, మూడు వెల్స్ మూడు రకాలుగా చూపిస్తాయి. డీటీటీ ఆ రోజే తూచుకోండి, పాతది గాలికి పాడవుతుంది.

10 మైక్రోలీటర్ల లైసేట్‌కు 20 మైక్రోలీటర్ల మిశ్రమం కలిపి, 37 డిగ్రీల్లో గంట ఉంచండి. ఆపడానికి 200 మైక్రోలీటర్లు, 0.5 మోలార్ సోడియం కార్బొనేట్-బైకార్బొనేట్, పీహెచ్ 10.7. మిథైల్‌అంబెల్లిఫెరోన్ క్షారంలోనే బాగా వెలుగుతుంది, అందుకే ఏఎంసీకి వాడిన ఆమ్ల ద్రావణం ఇక్కడ పనికిరాదు. 365 దగ్గర ఉత్తేజపరచి 448 దగ్గర చదవండి.

పక్కనే ఇంకో ఎంజైమ్

అదే లైసేట్, అదే రోజు, బీటా-గెలాక్టోసిడేజ్ కూడా కొలవండి. ఈ దశను వదిలేసే ల్యాబ్‌ల ఫలితాలు నమ్మదగినవి కావు. రోగిలో టీపీపీ1 దాదాపు సున్నా, గెలాక్టోసిడేజ్ కంట్రోల్‌తో సమానం అయితే నమూనా బతికే ఉంది, లోపం టీపీపీ1దే. రెండూ తగ్గితే మొదట నమూనా చెడిపోయిందనుకోండి. కొత్త ఫ్లాస్కులోనూ అలాగే వస్తే మ్యూకోలిపిడోసిస్ 2 అనే జబ్బును గుర్తుతెచ్చుకోండి. అందులో లైసోజోమ్ ఎంజైములకు చిరునామా అయిన మానోస్-6-ఫాస్ఫేట్ పడదు, దాంతో చాలా ఎంజైములు కణంలో తగ్గి మీడియంలో పెరుగుతాయి. మీడియం కూడా కొలిస్తే విషయం తేలిపోతుంది.

హెక్సోసమినిడేజ్‌ను దీనికి వాడేవాళ్లూ ఉన్నారు. అది మొండిది. నిర్లక్ష్యంగా దాచిన నమూనాలోనూ బాగానే నిలుస్తుంది కాబట్టి, నమూనా చెడిందన్న సంగతి దాని ద్వారా తెలియకపోవచ్చు. గెలాక్టోసిడేజ్ సున్నితమైనది, ఈ పనికి అదే మేలు.

లెక్క

స్టాండర్డ్ గీతను సున్నా నుంచి వెల్‌కు 1,000 పికోమోల్ దాకా గీయండి. ఏఎంసీ స్టాండర్డ్‌ను టీపీపీ1 బఫర్, ఆపే ద్రావణంలో, మిథైల్‌అంబెల్లిఫెరోన్‌ను కార్బొనేట్ ద్రావణంలో తయారుచేయాలి. మొత్తం ఘనపరిమాణం నమూనా వెల్స్‌తో సమానంగా ఉండాలి. నీళ్లలో గీసిన గీతతో బఫర్‌లో వచ్చిన అంకెను లెక్కిస్తే జవాబు తప్పుతుంది.

బ్లాంక్ తీసేశాక వెల్‌లో 0.5 నానోమోల్ విడుదలై, ప్రోటీన్ 0.01 మిల్లీగ్రాము, సమయం గంట అయితే, 0.5ను 0.01తో భాగిస్తే గంటకు మిల్లీగ్రాముకు 50 నానోమోల్. టీపీపీ1 వెల్‌లో మొత్తం 10 నానోమోల్, పీపీటీ1 వెల్‌లో 12.8 నానోమోల్ సబ్‌స్ట్రేట్ ఉంటుంది. అందులో పదోవంతు మించి ఖర్చయిపోతే వేగం తగ్గడం మొదలై మామూలు కంట్రోల్ అసలు కన్నా తక్కువగా చూపిస్తుంది, తేడా కుదించుకుపోతుంది. అప్పుడు ప్రోటీన్ సగం చేయండి. మొదటిసారి ల్యాబ్‌లో పెట్టేటప్పుడు 5, 10, 20 మైక్రోగ్రాములు, 30, 60, 120 నిమిషాలు వేసి, అంకె రెండింటితోనూ సరళంగా పెరుగుతోందని చూసుకోవాలి.

ఇతరుల పత్రికల్లోని మామూలు పరిధిని మీ ల్యాబ్‌కు తెచ్చిపెట్టుకోకండి. కనీసం కొన్ని ఆరోగ్యవంతుల ఫైబ్రోబ్లాస్టు లైన్లతో మీదే తయారుచేసుకోండి. వాహకుల (దెబ్బతిన్న జన్యువు ఒక్క కాపీయే ఉన్నవాళ్ల) అంకెలు సగం చుట్టూ ఉంటాయి గానీ మామూలువాళ్లతో కలిసిపోతాయి. తల్లిదండ్రులు వాహకులా కాదా అన్నది జన్యు క్రమం చదివే తేల్చాలి. సీఎల్‌ఎన్2లో తరచుగా కనబడే మార్పుల్లో ఒకటి 208వ ఆర్జినిన్ దగ్గర ప్రోటీన్‌ను అర్ధాంతరంగా ఆపేస్తుంది. అలాంటి కణాల్లో దాదాపు ఏమీ మిగలదు. ఒక అమైనో ఆమ్లం మారిన చోట మాత్రం కొద్దిగా మిగలొచ్చు, ఆ కొద్దిని నమ్మకంగా కొలవడానికే పైన చెప్పిన బ్లాంకులన్నీ.

ఎంజైమ్‌ను బయటినుంచి ఇచ్చే ప్రయోగాలు

రోగి కణాలకు టీపీపీ1 ముందురూపాన్ని మీడియంలో వేసి, అది లోపలికి వెళ్లిందా అని చూసేటప్పుడు పై పద్ధతే వాడతారు. ఇక్కడ ఒక మోసం ఉంది. కణం బయటి పొరకు అంటుకున్న ముందురూపం లైసేట్‌తో పాటే వచ్చి, అసే బఫర్‌లో మేల్కొని, లోపల ఉన్నట్టే లెక్కలోకి వస్తుంది. కాబట్టి కణాలు తీసే ముందు 5 మిల్లీమోలార్ మానోస్-6-ఫాస్ఫేట్ ఉన్న చల్లటి బఫర్‌తో కడిగి, కణాలను గీకకుండా ట్రిప్సిన్‌తోనే లేపండి. పైన అంటుకున్నది ట్రిప్సిన్ కొట్టేస్తుంది. దీనికి తోడు ఎంజైమ్ వేసేటప్పుడే మానోస్-6-ఫాస్ఫేట్ కూడా కలిపిన ఒక ఫ్లాస్కు పెట్టండి. అందులో అంకె పడిపోతే ఎంజైమ్ మానోస్-6-ఫాస్ఫేట్‌ను పట్టుకునే రిసెప్టర్ ద్వారానే లోపలికి వెళ్తోందని అర్థం. పడకపోతే అది ఇంకా బయట అంటుకునే ఉందేమో, కడగడం ఇంకోసారి పెంచి చూడండి.