ఆపరేటింగ్ సిస్టమ్‌ల వేగం పోల్చినప్పుడు లెక్క తేడా కొడుతోందా?

అంకె తెచ్చుకోవడం తేలికే. అది ఆపరేటింగ్ సిస్టమ్‌దా, డిస్కుదా, కంపైలర్‌దా (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే సాధనం), యాంటీవైరస్‌దా అని తేల్చడమే అసలు పని. తేడా కనబడగానే సిస్టమ్ ఖాతాలో రాసేయకుండా ముందు ఈ అనుమానాలు తీర్చుకోండి. రెండు సిస్టమ్‌లూ ఒకే మెషీన్ మీద నేరుగా ఇన్‌స్టాల్ అయి ఉండాలి. ఒకటి నేరుగా, మరొకటి వర్చువల్ మెషీన్‌లో (ఒక సిస్టమ్ లోపల మరోదాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మెషీన్) నడిపి ఉంటే దాన్ని సరిదిద్దే దారి లేదు, మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

మొదటిసారి నెమ్మది, రెండోసారి చాలా వేగం

కారణం: ఒకసారి చదివిన ఫైళ్లను సిస్టమ్ ర్యామ్‌లో దాచుకుంటుంది, దాన్నే క్యాష్ అంటారు. రెండోసారి డిస్కు దాకా వెళ్లే పనే ఉండదు. ఒక సిస్టమ్‌లో మొదటి పరుగును, మరోదాంట్లో మూడో పరుగును తీసుకుంటే మీరు పోల్చింది క్యాష్‌నే.

పరిష్కారం: ఖాళీ క్యాష్‌తో కొలుస్తారా, నిండిన క్యాష్‌తోనా అన్నది ముందే నిర్ణయించుకోండి. లినక్స్‌లో సింక్ కమాండ్ ఇచ్చి డ్రాప్_క్యాషెస్ అనే సెట్టింగ్‌కు 3 రాస్తే, మ్యాక్‌ఓఎస్‌లో పర్జ్ కమాండ్ ఇస్తే క్యాష్ ఖాళీ అవుతుంది. అయినా అన్నిటికీ ఒకే పద్ధతి కావాలంటే రీస్టార్టే మేలు. రీస్టార్ట్ అయ్యాక అప్‌డేట్లు, ఇండెక్సింగ్ (వెతకడానికి వీలుగా ఫైళ్ల జాబితా తయారీ) సద్దుమణిగే దాకా ఆగండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మ్యాక్‌ఓఎస్‌లో ఫైళ్లను వెతికిపెట్టే స్పాట్‌లైట్ ఇండెక్సింగ్ చాలాసేపే నడవొచ్చు.

డేటాబేస్ పరీక్షలో మ్యాక్‌ఓఎస్ నమ్మలేనంత ముందుంది

కారణం: రాసిన డేటా డిస్కులో భద్రంగా చేరిందని ఖాయం చేసుకోవడానికి డేటాబేస్‌లు ఎఫ్‌సింక్ అనే కాల్ (సిస్టమ్‌కు పెట్టే అభ్యర్థన) వాడతాయి. లినక్స్‌లోని మామూలు ఫైల్ సిస్టమ్‌లలో (ఫైళ్లను డిస్కులో అమర్చే పద్ధతులు), డ్రైవ్ లోపలి క్యాష్ కూడా ఖాళీ అయ్యాకే ఆ కాల్ తిరిగొస్తుంది. మ్యాక్‌ఓఎస్‌లో అదే కాల్ డేటాను డ్రైవ్‌కు అప్పగించి వచ్చేస్తుంది, డ్రైవ్ దాన్ని ఇంకా తన క్యాష్‌లోనే ఉంచుకుని ఉండొచ్చు. పూర్తిగా రాయించాలంటే ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్ అని విడిగా అడగాలి. ఆ క్షణంలో కరెంటు పోతే ఒకదాంట్లో డేటా మిగులుతుంది, మరోదాంట్లో పోవచ్చు. ఇవి రెండూ ఒకే పని కావు.

పరిష్కారం: ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఫుల్‌ఎఫ్‌సింక్ ప్రాగ్మాను (అంటే సెట్టింగ్‌ను) ఆన్ చేయండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే వాల్_సింక్_మెథడ్ సెట్టింగ్‌ను ఎఫ్‌సింక్_రైట్‌త్రూకు మార్చండి. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే. అంకె ప్రతిసారీ నిలకడగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

వేల చిన్న ఫైళ్లున్న పనిలో విండోస్ బాగా వెనకబడింది

ఇక్కడ కారణాలు కలగలిసి ఉంటాయి. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ప్రతి ఫైలునూ తెరిచినప్పుడల్లా తనిఖీ చేస్తుంది. యూనిక్స్ కోసం రాసిన బిల్డ్ స్క్రిప్టులు (ప్రోగ్రామ్‌ను తయారుచేసే ఆదేశాల ఫైళ్లు) చీటికిమాటికి కొత్త ప్రాసెస్‌లను (నడిచే ప్రోగ్రామ్‌లను) పుట్టిస్తాయి, విండోస్‌లో అది ఖరీదైన పని. పైగా ప్రాసెస్‌కు నకలు పుట్టించే యూనిక్స్ కాల్ ఫోర్క్ అక్కడ లేదు కాబట్టి, యూనిక్స్ ప్రోగ్రామ్‌లను విండోస్‌లో నడిపించే సిగ్విన్ లాంటివి దాన్ని అనుకరించాలి. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వాడుతుంటే ఫైళ్లు ఎక్కడున్నాయో చూడండి. విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లను లినక్స్ వైపు నుంచి తెరిస్తే ప్రతిదీ సరిహద్దు దాటి రావాలి. వాటిని లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్‌లోకి మార్చి కొలవండి.

మరి డిఫెండర్‌ను ఆపాలా? మీ ప్రశ్నను బట్టి. వాడేవాళ్లకు రోజూ అందే వేగం కావాలంటే ఉండనివ్వండి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం), ఫైల్ సిస్టమ్‌ల సత్తా కావాలంటే ఆ ఒక్క ఫోల్డర్‌కు మినహాయింపు ఇవ్వండి. రెండు అంకెలూ చెబితే ఇంకా మంచిది. ఏది కొలిచారో చెప్పకుండా ఒక్క అంకె ఇవ్వడం మాత్రం చదివేవాళ్లకు అన్యాయం.

విండోస్ బూట్ సమయం మరీ తక్కువ

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్ స్థితిని డిస్కులో దాచి, తర్వాత అక్కడినుంచే లేస్తుంది. షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ చేసి కొలవండి.

ఫైల్ కాపీ వేగంలో సుమారు 7 శాతం తేడా

విండోస్ జీబీ అని చూపించేది 2 టు ది పవర్ 30 బైట్లు. మ్యాక్‌ఓఎస్ 2009 నుంచి వంద కోట్ల బైట్లను జీబీ అంటోంది. బైట్లలోనే లెక్కేయండి.

డ్యూయల్ బూట్‌లో రెండో సిస్టమ్ ఎప్పుడూ నెమ్మదే

హార్డ్ డిస్కులో బయటి అంచు ట్రాకులు వేగం, లోపలివి నెమ్మది. చివరి పార్టిషన్‌లో ఉన్నది ఓడిపోవడం సహజం. పరీక్ష ఫైళ్లకు ఒకే చోటు దొరకకపోతే పార్టిషన్‌లను తారుమారు చేసి మళ్లీ చూడండి.

ఒకే సిస్టమ్‌లోనే అంకెలు నిలకడగా లేవు

ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు పెట్టారా? విండోస్‌లో పవర్ ప్లాన్, లినక్స్‌లో సీపీయూ గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే సెట్టింగ్) ఏమున్నాయో చూశారా? ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అందుకని పరుగుల మధ్య చల్లారనివ్వండి. సగటు కన్నా మధ్యస్థ విలువ నమ్మదగినది, దాంతోపాటు కనిష్ఠం, గరిష్ఠం కూడా ఇవ్వండి. ప్రోగ్రామ్‌ను రెండు చోట్లా ఒకే కంపైలర్, ఒకే వెర్షన్, ఒకే ఆప్టిమైజేషన్ స్థాయితో బిల్డ్ చేయండి.

రెండో సిస్టమ్ కొలిచాక మళ్లీ మొదటిదాన్ని బూట్ చేసి అదే పరీక్ష పెట్టండి. పాత అంకె తిరిగి రాకపోతే మధ్యలో ఇంకేదో మారింది. అదేమిటో దొరికేదాకా రెండింటిలో ఏది వేగమో చెప్పకండి.