గ్రైండర్ ఆన్ చేసే ముందు ఇవి చూస్కోండి

మన వైజాగ్‌లో సముద్రం గాలికి గేట్లు, గ్రిల్స్ తుప్పు పట్టేస్తాయి కదా, చాలామంది ఇంట్లోనే ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్ పట్టుకుని కోసేస్తున్నారు, ముందు ఇవి చూడండి ప్లీజ్.

- డిస్క్ (కోసే చక్రం) మార్చాలంటే ప్లగ్ పీకేయాల్సిందే, స్విచ్ ఆపితే చాలదు.
- నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతాది, డిస్క్ మీద రాసిన స్పీడ్ మెషిన్ స్పీడ్ కన్నా తక్కువుంటే పెట్టొద్దు, పగులున్నా, దానిమీద ఎక్స్‌పైరీ డేట్ దాటినా పారేయండి.
- గార్డ్ (డిస్క్ చుట్టూ ఉండే రేకు కవర్) అడ్డమొస్తోందని తీసేస్తారు చూడండి, అదే అన్నిటికన్నా డేంజర్, డిస్క్ పగిలితే ముక్కలు మొహానికే వస్తాయి. చెక్క కోసే పళ్ల బ్లేడ్ అసలు బిగించొద్దు, ఇరుక్కుందంటే మెషిన్ చేతిలోంచి ఎగిరొస్తాది.
- సేఫ్టీ కళ్లద్దాలు, బూట్లు వేసుకోండి. లుంగీ, మెళ్లో తువ్వాలు వద్దు.
- తడి నేల మీద వద్దు, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైన్‌కే పెట్టండి.
- ఆపాక డిస్క్ పూర్తిగా ఆగేదాకా కింద పెట్టకండి.