ఒగ్బెచే కెరీర్ పేజీని ఎలా చదవాలి

హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ క్లబ్ ఫ్యాన్స్‌కి బార్తొలోమ్యూ ఒగ్బెచే అంటే 37 ఏళ్లకి గోల్స్ మీద గోల్స్ కొట్టిన మనిషి, అంతే. అతని వికీపీడియా పేజీ తెరిస్తే మాత్రం క్లబ్బుల లిస్టు చాంతాడంత ఉంటుంది, చాలామంది పీఎస్‌జీ (పారిస్‌లోని పెద్ద క్లబ్) పేరు చూసి అబ్బో అనుకుని మూసేస్తారు. అలా వద్దు, ఒక కాగితం పెన్ను తీసుకోండి.

ముందు ప్రతి సీజన్ పక్కన అతని వయసు రాసుకోండి, సగం కథ అక్కడే తెలిసిపోతుంది. పుట్టింది 1984 అక్టోబర్ 1, నైజీరియాలోని ఒగోజా. 2002 జూన్‌లో వరల్డ్ కప్‌లో అర్జెంటీనా మీద నైజీరియా మొదటి పదకొండు మందిలో ఉన్నాడు, లెక్కేస్తే 17 ఏళ్ల 8 నెలలు, మన దగ్గర ఇంటర్ చదివే పిల్లాడి వయసు! ఆ ఏడాదే పీఎస్‌జీలో ఒకోచా, రొనాల్డీన్యో లాంటి స్టార్లు ఉన్న టీమ్‌లో ఆడాడు, అంటే 18 నిండకముందే దేశం మారాడు. ఇప్పుడైతే కొన్ని మినహాయింపులు తప్ప 18 నిండని వాళ్లు వేరే దేశం క్లబ్‌కి మారడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఒప్పుకోదు.

తర్వాత లోన్ అని ఉన్నచోట ఆగండి. బాస్టియా, మెట్జ్ అలా కనిపిస్తాయి. లోన్ అంటే గెంటేశారని కాదండీ, కాంట్రాక్ట్ పాత క్లబ్‌తోనే ఉంటుంది, ఆట వేరేచోట, కుర్రాడికి మ్యాచ్‌లు దొరకాలని పంపిస్తారు, కాబట్టి అక్కడ ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చూడాలి. ఆపైన యూఏఈ, స్పెయిన్, గ్రీస్, ఇంగ్లండ్, నెదర్లాండ్స్. నాకైతే ఈ మధ్య భాగమే ఇష్టం, ఎవరూ చదవరు, కానీ ఊరు మారి భాష మారి మళ్లీ మొదట్నించీ నిరూపించుకుంటూ ఏళ్ల తరబడి నిలబడ్డాడు.

గోల్స్ దగ్గర జాగ్రత్త. పక్కన బాక్స్‌లో ఉండే అంకెలు మామూలుగా లీగ్ మ్యాచ్‌లవే, కప్‌లు కలపరు. ఉత్త గోల్స్ చూడొద్దు, మ్యాచ్‌లతో భాగించండి. ఐఎస్ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, నార్త్‌ఈస్ట్‌కి 12, కేరళకి 15, ముంబైకి 8, మనకి 18, ఆ తర్వాతి సీజన్ మళ్లీ మనకే 10, మొత్తం 63. లీగ్ వదిలేనాటికి అందరికంటే ఎక్కువ అతనివే. ముంబైలో 8 చూసి పడిపోయాడు అనేస్తారు, ఆ సీజన్ అక్కడ ఆడమ్ లె ఫాండ్రే కూడా గోల్స్ కొట్టే స్ట్రైకరే, ఇద్దరూ ఆట సమయం పంచుకున్నారు, పైగా ముంబై టైటిల్ కొట్టింది. అందుకే గోల్స్ తగ్గినచోట టీమ్‌లో ఇంకెవరున్నారో తప్పకుండా చూడాలి.

2021-22లో 20 మ్యాచ్‌ల్లో 18 గోల్స్, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్, హైదరాబాద్‌కి కప్పు. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే, ఫైనల్‌కి ముందు వరకూ దాదాపు ఖాళీ స్టేడియాల్లోనే జరిగింది. గచ్చిబౌలిలో మనం కళ్లారా చూసింది తర్వాతి సీజన్ ఒగ్బెచేని, అప్పటికి 38. ఎక్కువ పరిగెత్తేవాడు కాదు, డిఫెండర్ల మధ్య నిలబడి పక్కనుంచి క్రాస్ (గోల్ ముందుకి కొట్టే బంతి) వచ్చే క్షణంలో ఒక్క అడుగు ముందుకేసేవాడు.

పద్ధతి అర్థమైతే కాసా కమరా పేజీ తీయండి, అదే హైదరాబాద్ టీమ్ మిడ్‌ఫీల్డర్. ఆడింది మారిటేనియాకి, పుట్టింది ఫ్రాన్స్‌లో. అక్కడ మొదలుపెట్టండి.