వత్తులు విడిపోయిన న్యూస్‌లెటర్

గ్రాఫిక్ డిజైన్ కోర్సు ప్రాజెక్టుగా మా విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం మీద నాలుగు పేజీల న్యూస్‌లెటర్ చేశాను. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పెట్టగానే తంటా మొదలైంది. ‘ఉత్సవం’లో త కింద ఉండాల్సిన స వత్తు దిగకుండా, పొల్లు త పక్కన విడిగా స నిలబడింది. తప్పు ఫాంటుదనుకుని మూడు ఫాంట్లు మార్చాను, ఒక రాత్రి పోయింది. అసలు లోపం కంపోజర్‌ది, అంటే అందులో అక్షరాలను కూర్చి వరుసలుగా పేర్చే భాగానిది. పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోగానే వత్తులు బుద్ధిగా కిందికి చేరాయి. పారాగ్రాఫ్ స్టైల్‌లోనే, జస్టిఫికేషన్ భాగంలో దీన్ని పెట్టుకుంటే ప్రతిచోటా మార్చే పని ఉండదు.

తర్వాత వరుసల దూరం. ఆటో లీడింగ్ 120 శాతం, అంటే 11 పాయింట్ల అక్షరానికి 13.2. ఇంగ్లీషుకు సరిపోతుందేమో గానీ, మనకు పై వరుస వత్తు కింది వరుస గుడిని పొడుస్తుంది. 17 చేశాను. వ్యాసం పొంగిపోయి, 1713 నాటి కోట గురించి ముచ్చటపడి రాసుకున్న పెట్టెను తీసేయాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా ఉంది.

గంటస్తంభం దగ్గర తీయించిన మొదటి ప్రతిలో 1వ పేజీ పక్కన 2వది వచ్చింది. ఏ3 మడతలో బయట 4, 1, లోపల 2, 3 ఉండాలి. పేజీలను మడతకు తగ్గ వరుసలో పేర్చే ఇన్‌డిజైన్ ఆదేశం ప్రింట్ బుక్‌లెట్‌తో మళ్లీ తీయించాను.